తోక బండి

మేస్త్రి పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఆయన కొడుకు నన్ను పక్కకి పిలిచి, పాత పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు.

"షెడ్డు సర్దుతుంటే దొరికినాది బాబూ. నాన్న దీన్ని ఎవుల్నీ ముట్టనిచ్చీవోడు కాదు. దీని మీద మీ గీతొకటి ఉన్నాదని సెప్పీవోడు."

పొట్లం విప్పకముందే వాసన తెలిసిపోయింది. పెట్రోలూ టూటీ ఆయిలూ కలిసిన వాసన. సొట్టలు పడ్డ చిన్న అల్యూమినియం గ్లాసు, లోపలంతా నల్లటి జిడ్డు. దాని మీద ఆకురాయితో గీసిన అడ్డగీతలు నాలుగు. అన్నిటికంటే కిందున్న గీత నాది.

పేరుకి మాది మోటారు సైకిళ్ళ క్లబ్బు. రిజిస్టరు లేదు, చందా లేదు, బోర్డు అసలే లేదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర సందులో మా బళ్ళు బాగుచేసే మేస్త్రి షెడ్డుంటే, దాని ముందు శనివారం సాయంత్రాలు పోగయ్యే ఏడెనిమిది మందిమే క్లబ్బు. ఆదివారం పొద్దున్నే బళ్ళేసుకుని ఎటో ఒకటు పోయి సాయంత్రానికి శ్రీకాకుళం చేరేవాళ్ళం. ఊళ్ళో మాకు 'డుగుడుగు బాబులు' అని పేరు. పెళ్ళిళ్ళలో కూడా "ఈయన డుగుడుగు బాబుల్లో ఒకడండీ" అని పరిచయం చేసేవారు. అందులో మెచ్చుకోలు ఎంతో, వెటకారం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

మాది విజయనగరం. బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చి శ్రీకాకుళంలో పడ్డాను. జీతంలో ఇంటికి పంపింది పోగా మిగిలిన దాంతో సెకండ్ హ్యాండ్ ఎజ్డీ ఒకటి కొన్నాను. మైసూరులో తయారయ్యే బండి, రెండు వైపులా రెండు సైలెన్సర్లు. దాని కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. ఎడమ పక్కనున్న గేరు రాడ్డుని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అవుతుంది. ఈ సంగతి తెలియని వాళ్ళు బండి అరువు పట్టుకెళ్ళేటప్పుడు చూడాలి. మా పిన్ని కొడుకొకడు అయిదు నిమిషాలు బండి చుట్టూ తిరిగి, "అన్నయ్యా, దీని కిక్కు ఊడిపోయినట్టుందిరా" అన్నాడు. ఇక ఆ బండి ఎవడూ ఎత్తుకుపోడని నాకు ధీమా.

టూ స్ట్రోక్ బళ్ళకి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. మేస్త్రి లెక్క లీటరుకి నలభై మిల్లీలు. ఆ గ్లాసు మీద ఒక లీటరుకి, రెండు లీటర్లకి, మూడు లీటర్లకి గీతలుండేవి. పెట్రోలు లీటరు పది రూపాయల్లోపే దొరికే రోజులవి. అయినా నెలాఖరుకి నేను అర లీటరే కొట్టించుకునేవాణ్ణి. లీటరు గీతకి సగం ఎక్కడో కంటితో చూసి పొయ్యడం మేస్త్రికి నచ్చలేదు. ఓ రోజు ఏమీ అనకుండా ఆకురాయి తీసి, కింద ఇంకో గీత గీసేశాడు. "ఇది బ్యాంకు బాబు గీత" అని అందరికీ చూపించాడు కూడా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ తర్వాత రెండు నెలలు అప్పు చేసైనా లీటరే కొట్టించాను.

క్లబ్బులో ఎవరికీ పేర్లు లేవు, బళ్ళే పేర్లు. హైస్కూల్లో తెలుగు చెప్పే ఆయన బుల్లెట్ మేస్టారు. ఆ బుల్లెట్‌కి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేరే బండి అలవాటున్నవాడు ఎక్కితే బ్రేకనుకుని గేరు తొక్కి గోడెక్కిస్తాడని ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. స్టార్ట్ చెయ్యడం ఒక పూజ. ముందు కిక్కుని మెల్లగా తొక్కుతూ ట్యాంకు ముందున్న అమ్మీటర్ ముల్లు నడిమికి వచ్చేదాకా చూడాలి, తర్వాత చిన్న మీట నొక్కి గాలి వదలాలి, అప్పుడు ఒక్క తన్ను. ఈ వరస తప్పితే కిక్కు వెనక్కి తన్ని పిక్క వాచిపోయేది. ఆయన పొందూరు ఖద్దరు పంచె తప్ప ఇంకోటి కట్టేవారు కాదు. వాలుగ చేప పళ్ళతో దూది ఏకి, వడికి నేసే బట్ట మరి. అంత సన్న పంచె కట్టుకుని గొలుసు గ్రీజు మరకలతో ఇల్లు చేరితే వాళ్ళావిడ ఏమనేదో మాకు చెప్పలేదు.

ఇన్సూరెన్స్ ఏజెంటుది రాజదూత్. నాకు వరసకి బావ. పాలక్యాన్లు కట్టుకునే బండని అందరూ వెక్కిరించినా, ఎంత గతుకుల దారైనా దున్నేసేది. కాంట్రాక్టరు గారి అబ్బాయిది అప్పట్లో కొత్తగా దిగిన యమహా ఆర్‌ఎక్స్ 100. వాడు ట్రీంయ్ మని వెళ్ళిపోయాక ఆ చప్పుడు మా చెవుల్లో ఇంకాసేపుండేది. ట్రెజరీలో పనిచేసే ఒకాయనది బజాజ్ చేతక్. స్కూటర్ని క్లబ్బులో చేర్చుకోవచ్చా కూడదా అని మూడు శనివారాలు తగువు పడ్డాం. మేస్టారు ససేమిరా అన్నారు. 'ద్విచక్ర శకటమే కాని అశ్వము కాదు' అని ఆయన తీర్పు. ఆ తీర్పు ఎలా తలకిందులైందో తర్వాత చెబుతాను.

మేస్త్రిది ఏ బండీ కాదు, అన్ని బళ్ళూను. రాజదూత్ చక్రాలు, ఎవరిదో ట్యాంకు, ఇంకెవరిదో సీటు. చూడ్డానికి తుక్కు, చప్పుడు మాత్రం గడియారం. వెనక ఇనప పెట్టె. అందులో స్పానర్లు, మైకో ప్లగ్గులు, క్లచ్ వైర్లు, ట్యూబు ముక్కలు, సొల్యూషన్. ఆయన ఎప్పుడూ ఆఖరునే వచ్చేవాడు. ఆయనది తోక బండి.

మా క్లబ్బుకి ఉన్న నియమాలు రెండే. దారి చీలిన చోట ముందు బండి ఆగి, వెనక బండి కనిపించాకే కదలాలి. తోక బండి రాకుండా ఎవరూ టీ తాగకూడదు. సెల్‌ఫోన్లు లేని కాలంలో ఇంతకంటే గట్టి ఏర్పాటు ఇంకోటి లేదు. ఆర్‌ఎక్స్ కుర్రాడికి ఈ రెండో నియమం మహా బాధ. మా కంటే పావుగంట ముందు చేరి, కాగుతున్న టీ వంక చూస్తూ కూర్చునేవాడు.

ఒకసారి అడిగాను, "అదేంటి మేస్త్రీ, మా పొగంతా మింగుతూ వెనక రావడం ఎందుకు? నీ బండి మా అందరికంటే బావుంది కదా" అని.

"ఎనకుంటేనే కదా బాబూ, ఎవుడి బండి ఏ పొగ ఒగ్గుతందో తెలిసీది."

నిజంగానే తెలిసేది. నీలం పొగైతే ఆయిల్ ఎక్కువైనట్టు, నల్లపొగైతే కార్బరేటర్లో పెట్రోలు ఎక్కువ దిగుతున్నట్టు, పొగ లేకుండా చప్పుడు పలచబడితే సైలెన్సర్లో మసి పట్టి ఊపిరాడ్డం లేనట్టు. సోమవారం ఎవరైనా షెడ్డుకి పోతే, చెప్పకుండానే జబ్బు చెప్పేవాడు. సైలెన్సర్లు ఊడదీసి, కిరసనాయిలు పోసి మంటలో కాల్చి, చల్లారాక కర్రతో కొడితే బొగ్గుపెళ్ళలు రాలేవి. ఆ రోజు సందు సందంతా కమురు వాసన. పక్కింటి ఆవిడ ఉతికిన బట్టలు తీసుకుంటూ మా వంశాలన్నిటినీ తలుచుకునేది.

*

ఎక్కువగా పోయిన దారి కళింగపట్నం దారే. పోనూ రానూ ఓ అరవై కిలోమీటర్లు. ఏడు రోడ్ల నుంచి అరసవల్లి, అక్కణ్ణుంచి శ్రీకూర్మం, గార, శాలిహుండం, సముద్రం.

చిక్కల్లా అరసవల్లి దగ్గరే. ఆదివారం సూర్యనారాయణ స్వామి రోజు. తెల్లవారకముందే పల్లెల నుంచి జనం దిగిపోయేవారు. పుష్కరిణిలో మునిగి తడిబట్టలతో వచ్చేవాళ్ళు, తలనీలాలిచ్చిన పిల్లలు, కొబ్బరికాయల బుట్టలు. ఏడు బళ్ళూ ఇంజన్లు ఆపుకుని తోసుకుంటూ దాటేవాళ్ళం. ఇంకో రోజు పెట్టుకుందామంటే ఆదివారం తప్ప ఎవరికీ సెలవు లేదు. మేస్త్రి మాత్రం గుడి ఎదురుగా బండాపి, గ్రీజు చేతుల్తోనే ఓ దణ్ణం పెట్టి మళ్ళీ మా వెనక చేరేవాడు.

అరసవల్లి దాటితే చల్లగాలి తగిలేది. రెండు పక్కలా తాటిచెట్లు, కింద పొలం గట్లు. బళ్ళ చప్పుడుకి పిల్లలు గట్లమీద పరిగెత్తుకొచ్చేవారు. బుల్లెట్ వస్తే ఒక కేక, ఆర్‌ఎక్స్ వస్తే ఇంకో కేక. ఓసారి టైరు పంక్చరై ఆగితే, చోడి అంబలి చెంబుతో పొలం పోతున్న ఓ ముసలావిడ దగ్గరకొచ్చి నిలబడింది.

"ఏటి నాయినా, ఎక్కడికెల్తన్నారు?"

"ఊరికే, సముద్రం చూసొద్దామని."

"సూసి?"

"చూసి వచ్చేస్తాం."

ఆవిడ ఏడుగురినీ ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "ఓలమ్మో, ఇందరికీ పన్లేదేటి!" అని, చెంబులో సగం అంబలి మాకే పోసి వెళ్ళిపోయింది. ఉల్లిపాయ మాత్రం ఇవ్వలేదు.

శ్రీకూర్మంలో గోడల మీది రంగుల బొమ్మల దగ్గర మేస్టారు నిలబడితే ఇంక కదిలేవారు కాదు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు మెల్లగా పాకుతుండేవి. రాజదూత్ బావ వాటి వంక చూసి, "మన క్లబ్బులో చేర్చుకుందామా, చేతక్ కంటే నయం" అనేవాడు. దేవుడి ముందర అనాల్సిన మాట కాదు గానీ, అక్కడి దేవుడే తాబేలు కాబట్టి ఏమీ అనుకోలేదు లెండి.

*

ఓ కార్తీక మాసం ఆడవాళ్ళందరూ తిరుగుబాటు చేశారు. ప్రతి ఆదివారం మీరే పోతే ఎలా, వనభోజనాలకి మమ్మల్నీ తీసుకెళ్ళాల్సిందే అని. నాకు అప్పటికి పెళ్ళై మూడు నెలలు. బండికి చీర గార్డు లేదు. శనివారం రాత్రి పదింటి దాకా కూర్చుని మేస్త్రి పాత ఇనప జాలీ వంచి, చువ్వ అతికి, గార్డు చేసి బిగించాడు. డబ్బులిస్తే, "కొత్త పెళ్ళికూతురు సీరకి కూడా లెక్క రాస్తానేటి?" అని తీసుకోలేదు.

తెల్లారి అసలు సమస్య బయటపడింది. పులిహోర బుట్టలో పెట్టి కట్టుకోవచ్చు. ఆవపెట్టిన కంద బచ్చలి కూర క్యారేజీలో సర్దొచ్చు. గుమ్మడికాయ దప్పళం పెద్ద గిన్నె మాత్రం ఏ బండి మీదా కుదరలేదు. అందరం ఆ గిన్నె చుట్టూ నిలబడి ఆలోచిస్తుంటే, ఆహ్వానం లేని చేతక్ వచ్చి ఆగింది. ముందు కాళ్ళు పెట్టుకునే చోట గిన్నె అచ్చంగా పట్టింది, దానికోసమే చేసినట్టు. ట్రెజరీ ఆయన రెండు కాళ్ళూ బయటికి చాపి నడపడానికి ఒప్పుకున్నాడు. మేస్టారు కళ్ళజోడు తుడుచుకుని, "దప్పళమున్న వాహనమును కాదనరాదు" అని తీర్పు మార్చుకున్నారు. చేతక్ ఆ రోజు నుంచి క్లబ్బులో ఉంది.

శాలిహుండం కొండ కింద దిగాం. ఉసిరి చెట్టు కింద తినాలి కదా, దగ్గర్లో ఎక్కడా లేదు. రాజదూత్ బావ ఇది ముందే ఊహించి, దారిలో ఎవరి పెరట్లోనో ఉసిరి కొమ్మ విరిపించి బండికి కట్టి తెచ్చాడు. దాన్ని భూమిలో పాతి, చుట్టూ కూర్చున్నాం. ఎండ నెత్తిన కొడుతోంది, నీడ మాత్రం పాలకూర కట్టంత. శాస్త్రం శాస్త్రమే.

తిన్నాక కొండెక్కాం. పైన ఇటుకల స్తూపాలు, ఒకదాని పునాదిలో ఇటుకలతో పేర్చిన స్వస్తిక్. కిందికి చూస్తే వంశధార, ఇసక తిన్నెలు. మేస్టారు ఇక్కడ పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. శాలిపేటిక అంటే వడ్ల పెట్టె, శల్యపేటిక అంటే ఎముకల పెట్టె, ఆ రెంటిలో ఒకదాని నుంచే ఈ ఊరి పేరు వచ్చిందట. 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని లోకానికి తెలియజెప్పింది గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారట, ఆయన పుట్టింది కూడా మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటట. "వ్యావహారిక భాషకై ఆజన్మాంతము పోరాడిన మహనీయుడు" అని మేస్టారు ఊపిరి తీసుకున్నారు.

మేస్త్రి అంతా శ్రద్ధగా విని, "అంటే ఏటి మేస్టారూ?" అన్నాడు.

"అనగా, జనులు మాట్లాడు భాషలోనే వ్రాయవలెనని."

"మనలాగ మాటాడమన్నాడా ఆ బాబు?"

"అవును."

"మరి తవరెందుకిలాగ మాటాడతన్నారు?"

కొండ మీద ఎంతసేపు నవ్వామో చెప్పలేను. అందరికంటే ఎక్కువ నవ్వింది మేస్టారి భార్య.

సాయంత్రం కళింగపట్నంలో లైట్‌హౌస్ చూసి, వంశధార సముద్రంలో కలిసే చోట కాళ్ళు తడుపుకుని బయల్దేరేసరికి పొద్దు వాలిపోయింది. కార్తీకంలో చీకటి తొందరగా పడుతుంది. గార దాటుతుండగా నా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముందు బళ్ళ ఎర్రలైట్లు మలుపు తిరిగి మాయమయ్యాయి. వెనక ఎవరూ లేరు. చిమ్మచీకటి, కప్పల అరుపు, పక్కన మూడు నెలల కొత్త పెళ్ళికూతురు. ఎజ్డీ కొన్నందుకు మొదటిసారి నన్ను నేను తిట్టుకున్నాను. మా ఆవిడ, "ఇప్పుడెలాగండీ?" అంది. "వస్తాడు" అన్నాను. "ఎవరు?" అంది. అంతలో దూరంగా ఆ గడియారం చప్పుడు వినపడింది.

మేస్త్రి దిగి, కవరు విప్పి, ప్లగ్గుకి కరెంటు అందించే పాయింట్ల మీద వేలు పెట్టి చూశాడు. ఆకురాయితో రుద్ది, జేబులోంచి చార్మినార్ సిగరెట్ పెట్టె తీసి అట్టముక్క చించాడు. పాయింట్ల మధ్య ఉండాల్సిన ఎడం ఆ అట్ట మందమేనట. అట్ట దూర్చి, స్క్రూ బిగించి, అట్ట లాగేశాడు. టార్చి మా ఆవిడ పట్టుకుంది. ఒక్క కిక్కుకి బండి అందుకుంది. ముందు మలుపులో ఆరు బళ్ళూ ఇంజన్లు ఆపి, లైట్లు మా వైపు తిప్పి నిలబడి ఉన్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు. ఆర్‌ఎక్స్ కుర్రాడు ఒక్కడూ, "వదినగారూ, టార్చి పట్టడం వచ్చేసింది కాబట్టి ఇంక మీరూ మెంబరే" అన్నాడు.

*

ముఖలింగం దారి కూడా మరిచిపోలేను గానీ, అది వేరే కారణానికి. గోగు కోతల కాలం. నార తియ్యడానికి గోగు కట్టలు చెరువుల్లో, రోడ్డు పక్క గుంటల్లో నానేసేవారు. ఆ మురుగు వాసన కిలోమీటర్ల కొద్దీ మన వెంట వస్తుంది. మొహానికి తువ్వాలు చుట్టుకుని పోయేవాళ్ళం. హెల్మెట్ అనే మాట అప్పటికి మాలో ఎవరి నోటా రాలేదు. గుడి మెట్ల మీద కూర్చున్నా చొక్కాల్లోంచి అదే వాసన. ఇంకోసారి సంక్రాంతి ముందు రోడ్డు మీద ఉలవ కట్టెలు పరిచారు, పోయే బళ్ళే తొక్కి కాయలు రాలగొడతాయని. ఆ తీగ నా గొలుసులోకి చుట్టుకుని చక్రం బిగుసుకుపోయింది. మేస్త్రి కత్తెరతో గంటసేపు కోశాడు. ఆ ఉలవల రైతు మాత్రం వచ్చి, రాలిన గింజలు జాగ్రత్తగా ఏరుకుని, బండి బాగుపడిందో లేదో చూడకుండా వెళ్ళిపోయాడు.

*

క్లబ్బు ఎప్పుడు ఆగిపోయిందో చెప్పడానికి ఒక రోజంటూ లేదు. మేస్టారు రిటైరై కొడుకు దగ్గరికి పోయారు. ఆర్‌ఎక్స్ కుర్రాడు హైదరాబాదు వెళ్ళాడు. నాకు విజయనగరం బదిలీ అయింది, బండి అమ్మేశాను. ఎంతకో చెప్పను, సిగ్గేస్తుంది. ఆర్‌ఎక్స్ తయారీ ఆగిందీ, మైసూరులో ఎజ్డీ ఫ్యాక్టరీ మూతపడిందీ ఒకే ఏడాది, 1996లో. అప్పటికే రోడ్ల నిండా ఫోర్ స్ట్రోక్ హీరో హోండాలు. ఆయిల్ కలపక్కర్లేదు, పొగ లేదు, లీటరు పోస్తే ఆగకుండా పోతుంది.

ఓసారి శ్రీకాకుళం పోయినప్పుడు మేస్త్రిని ఆ బళ్ళ గురించి అడిగాను.

"మంచి బండి బాబూ. సెడిపోదు" అన్నాడు. కాసేపు ఊరుకుని, "మరి నానేటి సెయ్యాల?" అన్నాడు.

ఏమీ అనలేకపోయాను. టీ తాగి వచ్చేశాను.

పెద్దకర్మ నాడు షెడ్డు ముందు ఓ ఎజ్డీ ఆగి ఉంది. ఎర్ర రంగు కొత్తగా వేసి, రెండు సైలెన్సర్లూ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఆఖరి రోజుల్లో మేస్త్రి కుర్చీలో కూర్చుని చెబుతుంటే కొడుకు బిగించిన బండట. దాని ఓనరు పాతికేళ్ళ కుర్రాడు, భోజనానికి వచ్చాడు. వాళ్ళకీ క్లబ్బుందట, ఆదివారాలు కళింగపట్నం పోతుంటారట. "ముందు ఒకడు లీడ్ అంకుల్, ఆఖర్న ఒకడు స్వీప్. స్వీప్ రాకుండా ఎవరం కదలం" అన్నాడు. దానికి అలాంటి పేరుందని నాకు ఈ వయసులో తెలిసింది. మేము తోక అనేవాళ్ళం అంటే నవ్వాడు.

వెళ్ళేటప్పుడు రాడ్డు లోపలికి నొక్కి, తిప్పి, కిక్కు కొట్టాడు. రెండో తన్నుకి అందుకుంది. సందంతా ఆ చప్పుడు. నేను బండి వెనక నిలబడిపోయాను.

"బాబూ, ఆయిలెంత పోస్తున్నావు?"

"లీటరుకి అరవై అంకుల్. సేఫ్‌గా ఉంటుందని."

"నీలం పొగ వస్తోంది చూడు. నలభై చాలు."

మేస్త్రి కొడుకు నా వంక అదోలా చూసి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

రాత్రి బస్సు దిగి ఇంటికొచ్చి గ్లాసు టేబుల్ మీద పెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచే, "ఏంటండీ ఆ వాసన?" అంది. వచ్చి గ్లాసు చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి గీతలు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత అలవాటు కొద్దీ సింకు వైపు నడిచింది.

"ఇంత జిడ్డేంటండీ, సబ్బు పెట్టి తోమేస్తాను."

"వద్దు" అన్నాను, కుర్చీలోంచి లేచి.